గిలక తీసేసిన నుయ్యి

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. నాకు నూతిలోంచి నీళ్ళు తోడడం రాదు. చేద వేస్తే అది మునగదు, బాతులా తేలుతూ నావైపు చూస్తుంది. ఇంజనీరింగ్ పాసైన సర్టిఫికెట్ మాత్రం ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది. కాబట్టి లోవలక్ష్మి గురించి చెప్పేటప్పుడు నేను కాస్త ఆమె పక్షాన మాట్లాడితే సర్దుకుపోండి. మాట్లాడకూడని చోట కూడా మాట్లాడతానేమో, చెప్పలేను.

బలిఘట్టం దాటాక వచ్చే మలుపులో వాళ్ళిల్లు. నర్సీపట్నానికి ఆటోలో పావుగంట. నాన్న జగదీశ్వరరావుకి చెరుకు, కొంచెం జీడితోట, రెండు గేదెలు ఉన్నాయి. అమ్మ అప్పలలక్ష్మికి ఆ మూడింటి పనీ, ఇంటి పనీ ఉంది. తమ్ముడు ధర్మతేజ నర్సీపట్నంలో సెల్‌ఫోన్ల షాపులో చేస్తాడు, సాయంత్రాలు జిమ్‌కి పోతాడు. లోవలక్ష్మి వైజాగ్ కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పని చేస్తుంది. ఆ పనేమిటంటే, ఒక సర్వర్ పడిపోతే దాని బదులు ఇంకోటి లేస్తుందా లేదా అని చూడడం. రోజూ కావాలనే సర్వర్లని పడగొట్టి, ఎన్ని నిమిషాల్లో బ్యాకప్ లేచిందో రిపోర్టు రాస్తుంది. ఇది ఉద్యోగమేనని ఇంట్లోవాళ్ళని నమ్మించడానికి ఆమెకి ఏడాది పట్టింది.

ఆ ఏడు ఫిబ్రవరిలో అప్పలలక్ష్మికి గర్భసంచి తీసేశారు. డాక్టరమ్మ డిశ్చార్జి కాయితం మీద ‘ఆరు నెలలు బరువులు ఎత్తకూడదు’ అని రాసి, కింద రెండు గీతలు గీసింది. లోవలక్ష్మి ఆ కాయితాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించింది. ఇంట్లో అందరూ చదివారు. చదివి, అదే తలుపు తీసి చల్లటి నీళ్ళు తాగి ఎవరి పని మీద వాళ్ళు పోయారు.

వాళ్ళ పెరట్లో నుయ్యి ఉంది. అందులో మోటారు పెట్టి పదకొండేళ్ళైంది. కరెంటున్నంత సేపూ మేడమీద ట్యాంకు నిండుతుంది, కుళాయిలు తిరుగుతాయి. కరెంటు పోతే మాత్రం నూతిమీద రెండు స్తంభాల మధ్య ఇనప రాడ్డుకి వేలాడే పాత గిలకే గతి. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ‘కరెంటు పోతే అమ్మ తోడుతుంది’ అని ఎవరూ అనలేదు. ‘కరెంటు పోతే గిలకుంది’ అనేవారు. గిలక తనంతట తనే తిరుగుతుందన్నట్టు.

ఆపరేషన్ అయిన నెలకి లోవలక్ష్మి ఒక పట్టిక తయారు చేసింది. చేతిపంపు, ఇన్వర్టరు, సోలారు, జనరేటరు. ఒక్కోదానికీ ఎంత లోతునించి లాగుతుంది, గంటకి ఎన్ని నీళ్ళిస్తుంది, పాడైతే బాగుచేసేవాడు నర్సీపట్నంలో ఉన్నాడా లేదా, అన్నీ రాసింది. వేసవిలో వాళ్ళ నీళ్ళు ముప్ఫై అడుగులకి దిగిపోతాయి. మామూలు చేతిపంపు అంత లోతునించి ఎత్తలేదు, లోపల సిలిండరు దింపే రకం కావాలి. అది కూడా వెతికి పట్టుకుంది. భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ నాన్న ముందు పెట్టింది.

జగదీశ్వరరావు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

“బాగున్నాది. రంగులు కూడా ఏసినావు.”

“ఆకుపచ్చదే మనకి మంచిది నానా. చేతిపంపు. ఒక్కసారి పెట్టించీస్తే సిన్నపిల్లలు కూడా కొట్టుకోవచ్చు.”

“ఇప్పుడెందుకే? గిలకున్నాది కదా.”

“గిలకున్నాది. లాగేదెవులు?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వంటింట్లోంచి అప్పలలక్ష్మి గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

“కరెంటేటి రోజూ పోతాదా ఏటి. సూద్దాంలే,” అన్నాడాయన.

ఈ ‘చూద్దాం’ ఎలాంటిదో లోవలక్ష్మికి ఆఫీసులో బాగా తెలుసు. పాత బ్యాకప్ ఏదో ఒకలా ఏడ్చుకుంటూ లేస్తున్నంత కాలం కొత్తది కొనడానికి ఏ మేనేజరూ సంతకం పెట్టడు. అప్పుడు వాళ్ళు చేసే పనేమిటంటే, పాతదాన్ని పూర్తిగా తీసి పారేస్తారు. ఇక కొనక తప్పదు.

మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం, నాన్న తోటకి వెళ్ళాక, తమ్ముడి రెంచీ తీసుకుని స్టూలెక్కి గిలక విప్పేసింది. పాతసామాన్లవాడు వస్తే ఇచ్చేసి బదులుగా ఒక ప్లాస్టిక్ టబ్బు తీసుకుంది. దాచిపెట్టి ఉంటే నాన్న వెతికి మళ్ళీ బిగించేస్తాడని ఆమె లెక్క.

అప్పలలక్ష్మి సాయంత్రం ఖాళీ రాడ్డు వంక చూసింది.

“గిలకేదే?”

“ఇచ్చీసాను. ఇంక నాన్న పంపు పెట్టించక తప్పదు.”

అప్పలలక్ష్మి కూతురు మొహం, రాడ్డు, టబ్బు మార్చి మార్చి చూసింది. “మీ నాన్నగోరి సంగతి నీకింకా తెల్దు,” అని లోపలికి వెళ్ళిపోయింది.

జగదీశ్వరరావు రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజునించి మామూలే. పంపు ఊసు లేదు. అంతకన్నా చిత్రం, ఆ మార్చి ఆఖర్లోనూ ఏప్రిల్ అంతానూ కరెంటు పోలేదు. నల్లటి ట్యాంకు నిండుతూనే ఉంది. లోవలక్ష్మికి ఆఫీసులో పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజు వచ్చి పడింది. పంపు సంగతి నాన్న మర్చిపోయాడంటే అర్థముంది. ఆమె కూడా మర్చిపోయింది. ఈ ఒక్కచోట మాత్రం ఆమె తరపున నా దగ్గర మాటలేం లేవు.

మే రెండో వారంలో ఈదురుగాలి కొట్టింది. సాయంత్రం అరగంటే. ఆ అరగంటలో మామిళ్ళు విరిగాయి, జీడిమొక్కలు పడుకున్నాయి, ఊరికొచ్చే లైను మీద పదకొండు స్తంభాలు ఒరిగాయి. వాన నాలుగు చుక్కలు కూడా పడలేదు. మర్నాడు లైన్‌మన్ వచ్చి చూసి, “రేపొచ్చీస్తాదండి,” అన్నాడు. పాపం అతను కూడా అదే నమ్మాడు. తర్వాత నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా అదే జవాబైంది. గిలక కొందామా అంటే, కరెంటు రేపొచ్చేస్తుంది. పంపు అంటే, రేపొచ్చేస్తుంది కదా.

రెండో రోజు పొద్దున్న తొమ్మిదింటికి ట్యాంకు అడుగంటింది. లోవలక్ష్మి పెరట్లోకి వచ్చేసరికి అప్పలలక్ష్మి నూతి గట్టుకి మోకాళ్ళు ఆనించి, ముందుకి వంగి, చాంతాడు గట్టు అంచుమీంచే లాగుతోంది. గిలకుంటే నిటారుగా నిలబడి కిందికి లాగొచ్చు. గిలక లేకపోతే వంగి పైకి లాగాలి. బరువంతా నడుం మీద, పొత్తికడుపు మీద పడుతుంది. తాడు గట్టుకి రాసుకుంటూ కిరకిరమంటోంది.

“అమ్మా, ఒగ్గీ. నేను తోడతాను.”

“నువ్వా?”

“నేనే తీసీసాను కదా గిలక.”

“తీసింది నువ్వేనని నాకు తెల్దేటి. ఇంద, తోడు.”

లోవలక్ష్మి చేద వేసింది. తేలింది. కుదిపింది. ఇంకా తేలింది. “అలగ కాదే, తాడు పక్కకి ఇసురు, అదే బోర్లా పడతాది,” అంది తల్లి. ఏడోసారికి మునిగింది. ఎనిమిది చేదలు తోడేసరికి రెండు అరచేతులూ ఎర్రబడి పొక్కాయి. తొమ్మిదోది సగంలో జారి, తాడు చివర దాకా పోతే, అప్పలలక్ష్మి కాలితో తొక్కి ఆపింది.

“నీకు మీటింగున్నాదన్నావు కదే.”

“ఉంటే ఉంది.”

“పో. బేగి పో. ఆ సేతుల్తో రేపు టైపు కూడా కొట్టలేవు. నేను మెల్లగా తోడుకుంటాను.”

వెళ్ళకూడదు. ఆ సంగతి లోవలక్ష్మికి అప్పుడే తెలుసు. ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. తమ్ముడి షాపులో జనరేటరుంది. కౌంటరు వెనక ఫోన్ కవర్ల అట్టపెట్టెల మధ్య స్టూలు వేసుకుని, హైదరాబాద్‌లో ఎక్కడో ఒక సర్వర్‌ని పడగొట్టి, రెండోది పదకొండు సెకన్లలో లేచిందని రిపోర్టు రాసింది. మేనేజరు చప్పట్ల బొమ్మ పంపాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాత్రూంలో రెండు బకెట్లు నిండుగా ఉన్నాయి. ఒళ్ళంతా దుమ్ము, చెమట. తలంటుకుంది. రెండో బకెట్ కూడా వాడేసింది. తల తుడుచుకుంటుండగా లెక్క గుర్తొచ్చింది. గేదెలు రెండింటికీ నూట ఇరవై లీటర్లు, వంటకీ తాగడానికీ, స్నానాలకీ, గిన్నెలకీ, బట్టలకీ కలిపి ఇంకో రెండువందల నలభై. అంటే నలభై అయిదు చేదలు, ముప్ఫై అడుగుల నించి. ఫిజిక్సులో పని అంటే బరువు ఇంటూ ఎత్తు. వేసి చూసింది. ఏడున్నర కేలరీలు. ఒక గ్లూకోజ్ బిస్కెట్‌లో మూడోవంతు. సైన్సు ప్రకారం వాళ్ళమ్మ ఆ రోజు చేసిన పని అంతే.

“నానా, జనరేటరు అద్దెకి తెస్తే రోజుకో గంట మోటారు ఆడితే సాలు,” అంది తండ్రితో.

“పెళ్ళిళ్ళ సీజనే అమ్మా. జనరేటర్లన్నీ పెళ్ళిళ్ళకే. ఎక్కడా కాళీ లేవు.”

“అడిగినావా?”

“అడగడానికేటున్నాది. తెలిసిందే కదా.”

మూడో రోజు ఆమె తమ్ముణ్ణి పట్టుకుంది. ధర్మతేజ పెరట్లో నిలబడి అమ్మ పెట్టిన నీళ్ళతో పళ్ళు తోముకుంటున్నాడు.

“ఒరే, జిమ్ములో ఎంత ఎత్తుతావు?”

“అరవై కేజీలు. ఏం?”

“సేద ఎనిమిది కేజీలు. రా.”

“నేనా?” వాడు చుట్టూ చూశాడు. “అక్కా, మగోళ్ళు నుయ్యి తోడితే సూసినోళ్ళేటనుకుంటారు.”

ఇది వాడు పుట్టించిన వంక కాదు. ఆ వీధిలో మగవాళ్ళు నూతిలో చేద వేసేది ఒకే ఒక్క రోజున, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు. శవానికి స్నానం చేయించే నీళ్ళు ఇంటి మగవాళ్ళే తోడాలి. మిగిలిన రోజుల్లో ముట్టుకోరు. ముట్టుకుంటే అశుభమని ఎవరూ పైకి అనరు, చూసి ఊరుకోరు కూడా. ఊళ్ళో అన్ని ఇళ్ళకీ కుళాయిలు వచ్చాక చాలా పద్ధతులు పోయాయి. ఇది మాత్రం వాడే అవసరం లేకపోవడంతో చెక్కు చెదరకుండా ఉండిపోయింది.

అయినా అక్క చూపుకి తట్టుకోలేక ధర్మతేజ తాడు పట్టుకున్నాడు. చేద వేశాడు. మూడో వంతు కూడా పైకి రాలేదు, గోడ అవతలనించి బుల్లమ్మ తల కనిపించింది. అరవై ఏళ్ళ మనిషి, ఆ వీధిలో ఆవిడకి కనపడకుండా కోడి కూడా గుడ్డు పెట్టదు.

“ఏటి నాయనా తేజా, ఎవులు పోయారు?”

“ఎవులూ పోలేదు అత్తా.”

“మరి తాడు నీ సేతిలో ఉంటే. గుండె గుబేలుమన్నాదిరా. అప్పలచ్చి ఏదీ? బాగానే ఉన్నాదా?”

తాడు ధర్మతేజ చేతుల్లోంచి జారిపోయి కొస మాత్రం మిగిలింది. చేద నూతిలో పడి దబ్బుమంది. అప్పలలక్ష్మి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“వాడిసేత ఎందుకే లోవా ఇలాంటియి? ఇటియ్యి.” కొడుకు చేతిలోంచి తాడు లాక్కుంది. “నువ్వు పో నాయనా, షాపుకి టైమైపోయింది.”

“బుల్లమ్మత్తా,” అంది లోవలక్ష్మి గోడ దగ్గరికెళ్ళి, “మా అమ్మ కడుపు కోసి మూడు నెల్లైంది. ఆ తాడు లాగితే ఆవిడే పోతాది. అప్పుడు వీడు తోడితే నీకు బాగుంటాదా?”

“ఓలమ్మ, నోరు సూడు. ఎందుకే అలాంటి మాటలు. నేనొచ్చి రెండు సేదలు తోడిపెడతాన్లే,” అంది బుల్లమ్మ. చెప్పినట్టే వచ్చి పది చేదలు తోడింది కూడా. ఆవిడ నడుమే సరిగ్గా లేదు. పదకొండోదానికి గట్టుమీద కూర్చుండిపోయింది.

నాలుగో రోజు లోవలక్ష్మి తెల్లారగట్లే లేచి పదిహేను చేదలు తోడింది. పొక్కులు చితికి, చేతులకి గుడ్డలు చుట్టుకుంది. తొమ్మిదింటికి రిలీజు మీటింగు. “అమ్మా, గేదెలకి నేనొచ్చి పోస్తాను. నువ్వు తాడు ముట్టుకోకు. గిలక కొనుక్కొచ్చీస్తాను, ఒంటిగంట కల్లా వొచ్చీస్తాను,” అని ఒట్టు వేయించుకుని వెళ్ళింది.

మీటింగు పన్నెండున్నర దాకా సాగింది. అయ్యాక గిలక కోసం తిరిగింది. మొదటి హార్డ్‌వేర్ షాపువాడు నవ్వాడు. రెండోవాడు మోటార్లు చూపించాడు. మూడోవాడు అటకెక్కి, దుమ్ము దులిపి, ఒకటి తీశాడు.

“హోటల్ డెకరేషన్‌కా మేడమ్? ఈ మధ్య దాబాలవాళ్ళే కొంటన్నారు.”

“నూతికి.”

అతను ఆమె చేతుల గుడ్డలు చూసి, గిలకకి నూనె చుక్క వేసి ఇచ్చాడు. గిలక సంచిలో వేసుకుంటుండగా ఫోను మోగింది. బుల్లమ్మ.

“ఓలే, బేగి రా. మీ అమ్మ నూతి కాడ కూకుండిపోయింది. లెగలేకపోతంది.”

గేదెలు ఎండకి అరుస్తున్నాయట. ఒంటిగంట దాటినా కూతురు రాలేదు. భర్త తోటలో పడిపోయిన జీడిమొక్కలు చూసుకుంటున్నాడు. గేదెలకి ఒట్టు సంగతి ఏం తెలుస్తుంది. అప్పలలక్ష్మి పన్నెండు చేదలు తోడింది. పదమూడోది గట్టు దాటించబోతుంటే కుట్ల దగ్గర ఏదో పట్టు వదిలినట్టైంది. అయినా చేద వదల్లేదు. గట్టుమీద పెట్టి, ఆ తర్వాతే కూర్చుంది.

నర్సింగ్‌హోమ్‌లో డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, కోసినచోట లోపలి పొర చిరిగి పేగు తోసుకొచ్చిందని చెప్పింది. కొన్నాళ్ళాగి మళ్ళీ కోసి వల పెట్టి కుట్టాలి. “బరువెత్తొద్దని గీతలు కూడా గీశాను కదమ్మా,” అంది. గీశారు మేడమ్, ఫ్రిజ్ మీద ఉంది, అని లోవలక్ష్మి అనలేదు.

బట్టలు, దుప్పటి తేవడానికి సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్ళింది. సందు మొదట్లోనే చప్పుడు వినిపించింది. పెరట్లో పచ్చరంగు జనరేటరు పొగ వదులుతోంది. మేడమీద ట్యాంకు నిండి పొర్లుతోంది. నీళ్ళు గోడమీంచి కారి, గేదెల కొట్టం దాకా పారుతున్నాయి. జగదీశ్వరరావు పక్కన ఆయన బావ, టెంట్‌హౌస్ గణేశ్వరరావు నిలబడి ఉన్నాడు. లోవలక్ష్మికి మేనత్త మొగుడు.

“అయ్యో లోవా, అమ్మకెలాగుందే?” అన్నాడు. “మీ నాన్న మూడింటికి ఫోన్ సేసాడు, నాలుగు కల్లా దింపీసాను. మొదటిరోజే సెప్పుంటే మొదటిరోజే దింపీసేవోణ్ణి కదా. వారం నించి షెడ్లోనే పడున్నాది.”

“పెళ్ళిళ్ళ సీజను కదా మావయ్యా,” అంది లోవలక్ష్మి.

“పెళ్ళిళ్ళకి పెద్దయి కావాలే. ఇది సిన్నది. దీన్నెవులడుగుతారు?”

జగదీశ్వరరావు మోటారు స్విచ్ కట్టేయడానికి లోపలికి వెళ్ళాడు. వెళ్ళి చాలాసేపు రాలేదు.

మర్నాడు పొద్దున్న నర్సింగ్‌హోమ్‌లో అప్పలలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జగదీశ్వరరావు ఇడ్లీల పొట్లం విప్పి, చట్నీ కవరు పంటితో కొరికి తెరుస్తున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన భార్యకి వడ్డించడం లోవలక్ష్మి చూడ్డం అదే మొదలు. చట్నీ సగం దుప్పటి మీద పడింది.

“గేదెలకి నీళ్ళెవులు తోడతన్నారే?” అంది అప్పలలక్ష్మి.

“ఎవరూ తోడట్లేదమ్మా. జనరేటరొచ్చింది. మోటారు ఆడతంది.”

“ఎప్పుడొచ్చింది?”

లోవలక్ష్మి తండ్రివైపు చూసింది. ఆయన చట్నీ మరక తుడుస్తున్నాడు. ఏది ఎన్నింటికి పడిందో, దాని బదులు ఇంకోటి ఎన్నింటికి లేచిందో నిమిషాలతో సహా రాయడం ఆమె ఉద్యోగం. ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు.

“నిన్న నాలుగింటికి. నువ్వు పడిపోయిన రెండున్నర గంటలకి. గణేశ్వరరావు మావయ్య షెడ్లోది. వారం నించి అక్కడే కాళీగా ఉన్నాదంట.”

జగదీశ్వరరావు చెయ్యి ఆగింది. “నాకు గుర్తు రాలేదే,” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. “నిజంగా గుర్తు రాలేదు. ఇంట్లో నీళ్ళున్నాయి కదా, ఉన్నాయి కదా అనుకున్నాను.”

ఆయన అబద్ధం చెప్పడం లేదు. లోవలక్ష్మికి ఒళ్ళు మండింది కూడా అందుకే. ఉన్న రోజుల్లో అవి ఎక్కడివని ఆయన అడగలేదు. రెండో బకెట్ పోసుకున్నప్పుడు తనూ అడగలేదు.

అప్పలలక్ష్మి మెల్లగా ఇటు తిరిగింది. కోపంగా లేదు. నొప్పికి మూతి కొంచెం బిగుసుకుంది, అంతే.

“బేగినే దొరికిందన్నమాట,” అంది.

ఇడ్లీ ముక్క తుంచింది. నోట్లో పెట్టుకోలేదు.

“ఎన్నాళ్ళుంచుతారంట దాన్ని?”

“కరెంటొచ్చిందాకా,” అన్నాడు జగదీశ్వరరావు. “నువ్వేటీ దిగులెట్టుకోకు.”

“అయితే నేనింటికొచ్చే ముందే పట్టుకుపోతారు,” అంది అప్పలలక్ష్మి. అని ఆ ముక్క నోట్లో పెట్టుకుంది.

ఇంతవరకూ వచ్చారు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు నీళ్ళు ఎలా వచ్చేవో గుర్తు తెచ్చుకుని రాయండి. గిలక, చేతిపంపు, జనరేటరు, ఏదైనా సరే. కాకపోతే వస్తువు పేరు రాసి ఆపేయకండి. దాన్ని లాగినవాళ్ళెవరో, ఆ రోజు మీరేం చేస్తున్నారో కూడా రాయండి. పొడుగైనా పరవాలేదు, అన్నీ చదువుతాను.